ఐరోపా మహాసంగ్రామమును మన మూడు ఊళ్లును

చరిత్రగ్రంథములలో ప్రతి యుద్ధమునకును రెండు తేదీలుండును. ఒకటి మొదలైనది, రెండవది ముగిసినది. మొదటి ప్రపంచ యుద్ధము 1914వ సంవత్సరము జులై 28వ తేదీన మొదలై, 1918 నవంబరు 11వ తేదీన ముగిసినదని బాలురు వల్లించుచున్నారు. సెరజీవో నగరమున రాజకుమారుడు చంపబడుట, జర్మనులు బెల్జియములో జొచ్చుట, వర్సేల్సు సంధి, ఇవన్నియు వారికి కంఠస్థములు. కాని, ‘నాయనలారా, ఆ యుద్ధము మన మదనపల్లెకు ఏమి చేసినది? పుంగనూరి సంతకు ఏమి చేసినది? కుప్పము స్టేషనుమీదుగా ఎవరెవరిని కొనిపోయినది?’ అని యడిగినచో తరగతియంతయు నిశ్శబ్దమగుచున్నది. తప్పు బాలురది కాదు. యుద్ధము వంటయింట ప్రవేశించిన దినమును, అచ్చటనుండి వెడలిన దినమును ఏ పాఠ్యపుస్తకమును వ్రాయలేదు.

రణరంగము మనకు ఆఱువేల మైళ్ల దూరమున నుండినను దాని ఫలము మన గడపలకు వచ్చినది. అయితే అందఱి గడపలకును ఒక్క త్రోవను రాలేదు. ఒకరికి నీలిమందు ధరగా వచ్చినది. ఒకరికి తోళ్ల గిరాకిగా వచ్చినది. ఒకరికి కాగితపు రూపాయిగా, ఒకరికి బియ్యపు కఱవుగా, ఒకరికి విషజ్వరముగా వచ్చినది. యుద్ధానంతరము పంచిపెట్టబడిన స్వల్పలాభములును అందఱికి సమముగా రాలేదు. వ్యయమును భరించిన వారొకరు, ఫలమును పొందిన వారొకరు. ఈ లెక్కను తేల్చి చూచుటయే ఈ వ్యాసముయొక్క ఉద్దేశము.

మొదట ఈ మూడు ఊళ్ల ఉనికిని చెప్పవలెను. యుద్ధారంభమునకు మూడేండ్లు ముందు, అనగా 1911లో, చిత్తూరు జిల్లా యేర్పడెను. కడపజిల్లానుండి మదనపల్లె, వాయల్పాడు తాలూకాలును, ఉత్తరార్కాటునుండి చిత్తూరు మొదలగు తాలూకాలును దీనిలో చేర్పబడెను. పుంగనూరు ఆనాడు జమీందారీ పట్టణము. ఆ సీమ పొట్టి యావులు జగత్ప్రసిద్ధములు. కుప్పము ఆనాడు కంగుంది జమీందారీలోనిది. తెలుగు, అరవము, కన్నడము ఒకే వీధిలో వినవచ్చు మూడుభాషల ముంగిలి. చెన్నపట్టణమునుండి బెంగుళూరికి పోవు రైలుదారి కుప్పముమీదుగా పోవును. మదనపల్లెకు రైలు కలదు గాని, స్టేషను ఊరికి దూరము. పుంగనూరికి రైలే లేదు. కావున వార్తయైనను, సరకైనను కుప్పమునకు రైలుమీదను, మదనపల్లెకు కొంత రైలుమీదను కొంత బండిమీదను, పుంగనూరికి కేవలము బండిమీదను చేరుచుండెను. యుద్ధమును ఆ విధముగనే చేరినది.

మనవారికి యుద్ధభయము మొదట తెలిసినది 1914 సెప్టెంబరు 22వ తేదీ రాత్రి. ఎండెన్ అను జర్మను యుద్ధనౌక చెన్నపట్టణమునకు ఎదుట నిలిచి, సముద్రపుటొడ్డుననున్న చమురుతొట్లమీద గుండ్లు కురిపించి వెడలిపోయెను. తొట్లు తగులబడెను. పట్టణమునుండి వేలకొలది జనులు మూటముల్లెలతో లోపలి సీమలకు తరలిపోయిరి. ‘సూర్యుడస్తమింపని’ సామ్రాజ్యమునకు చెన్నపట్టణపు రేవును కాపాడుటయే చేతకాలేదనుట అందఱికిని తెలిసెను. అరవమున ‘ఎండెన్’ అను మాట గడుసువాడను నర్థమున నిలిచిపోయినది. గుండ్లచప్పుడుకంటె ఈ మాటయే ఎక్కువ కాలము బ్రతికినది.

ఇక సైనికులమాట. ఈ యుద్ధమున భారతదేశమునుండి పదిలక్షలకు పైబడిన జనము సముద్రములు దాటి పోయిరి. వారిలో సుమారు 74 వేలమంది మరలి రాలేదు. ఎక్కువమందిని పంపినది పంజాబు. దక్షిణాదివారు యుద్ధమునకు తగినవారు కారని ఆనాటి దొరల సిద్ధాంతము. అందుచే మద్రాసు పటాలములను అంతకుముందే చాలవఱకు తగ్గించియుండిరి. అయినను బెంగుళూరు కేంద్రముగాగల మద్రాసు శాపర్లు, పయనీర్లు అను దళములు మిగిలియుండెను. వంతెనలు కట్టుట, బాటలు వేయుట, కందకములు త్రవ్వుట వీరి పని. వీరిలో తెలుగువారు, అరవవారు, మహమ్మదీయులు, క్రైస్తవులు, ఊరివెలుపల నివసింపజేయబడిన కులములవారు కలిసి పనిచేసిరి. తూర్పు ఆఫ్రికాలోని టాంగా రేవువద్దను, మెసపొటేమియా యెడారులలోను వీరి చెమటయు నెత్తురును కలిసెను. ఊరిబావిలో నీరు తోడుకొనుటకు హక్కులేనివాడు టైగ్రిసునదిపై వంతెనలు కట్టు దళములో చేరుటకు మాత్రము అర్హుడయ్యెను. ఈ వైపరీత్యమును చదువరులు తమలో తామే యోచించుకొందురు గాక.

కుప్పమునకు దిగువనున్న వాణియంబాడి, ఆంబూరు పట్టణములలో తోళ్లు పదును చేయు కర్మశాలలు పెక్కు గలవు. వానిని నడపువారు చాలవఱకు మహమ్మదీయ వర్తకులు. మన మెట్టసీమలలో కొండవాలున విరివిగా పెరుగు తంగేడు చెట్టుయొక్క పట్టయే ఆనాడు ఆ పదునునకు ముఖ్యమైన సాధనము. ఐరోపాలో లక్షలకొలది సైనికులకు బూట్లు కావలసివచ్చెను. వానిపైభాగమునకు చెన్నరాజధాని ఆవుతోలు శ్రేష్ఠమని తెలిసి, ప్రభుత్వమువారే ఆ తోళ్లను యుద్ధావసరములకై కొనసాగిరి. ధర పెరిగెను. వర్తకుడు లాభపడెను. తంగేడు పట్ట ఒలిచిన కూలివానికిని, చచ్చిన పశువును మోసికొనిపోయి తోలుదీసిన మాదిగవానికిని ఆ లాభములో ఎంతభాగము వచ్చెనో ఊహించుట కష్టము కాదు. యుద్ధము ముగిసిన రెండేండ్లలోగా ఆ గిరాకి పడిపోయెను. అప్పుడు నష్టము మాత్రము అందఱకును పంచబడెను.

రంగులకథయు నిట్టిదే. 1897 మొదలు జర్మనీ కర్మశాలలలో చేసిన నీలిరంగు లోకమెల్ల నిండి, కడపసీమలో తరతరములుగా సాగుచున్న నీలిసేద్యమును కృశింపజేసెను. యుద్ధము రాగానే జర్మను రంగులు నిలిచిపోయెను. నీలిమందు ధర ఒక్కమాఱుగా లేచెను. మూలబడిన నీలితొట్లకు మరల పని కలిగెను. రైతు సంతోషించెను. కాని అదే సమయమున సాలెవాడు చింతించెను. అతనికి కావలసిన ఎఱుపు మొదలగు రంగులు దొరకవాయెను. సీమనూలు ధర నానాటికి హెచ్చెను. ఒకే కారణమువలన ఒకే సీమలో ఒకనికి పండుగ, ప్రక్కవానికి పస్తు. మరల జర్మను రంగులు వచ్చినపిమ్మట నీలిచేలు చాలవఱకు మాసిపోయెను. యుద్ధమిచ్చిన వరము యుద్ధముతోనే తీరినది.

గృహిణుల లెక్కపుస్తకమునకు వత్తము. వెండి చాలకపోవుటచే 1917 నవంబరు 30వ తేదీన ప్రభుత్వమువారు ఒంటిరూపాయి కాగితమును తొలిసారిగా వెలువరించిరి. అంతవఱకు రూపాయియనగా మ్రోగునది, గీచి చూడదగినది, కరగించి కడియము చేయించుకొనదగినది. స్త్రీధనమునకు వెండియే ఆధారమైన దేశమున వానకు తడిసి చిరిగిపోవు రూపాయిని నమ్ముడనిన నెవరు నమ్ముదురు? వెండిని దాచుకొనువారు దాచుకొనిరి. ప్రభుత్వమువారు అమెరికానుండి వెండి తెప్పింపవలసివచ్చెను.

ఇంతలో 1918లో వానలు విఫలమయ్యెను. చెన్నరాజధానికి లోటు వచ్చినప్పుడెల్ల బర్మాబియ్యము దిక్కు. ఓడలు యుద్ధమునకు పోవుటచే ఆ బియ్యము తగినంత రాలేదు. ఉప్పు, కిరసనాయిలు, బట్ట, అన్నియు ప్రియమయ్యెను. ఆ యేడు సెప్టెంబరులో చెన్నపట్టణమునను, రాజధానిలోని పెక్కుతావులందును జనులు బియ్యపు కొట్లను, బట్టల దుకాణములను దోచిరి. వారు స్వభావముచే దొంగలు కారు. నిన్నటిధరకు నేడు ఇమ్మనియే చాలచోట్ల అడిగిరి. 1920 నాటికి సరకుల ధరలు యుద్ధపూర్వపు ధరలకు సుమారు రెట్టింపయ్యెను. కూలి మాత్రము అట్లు పెరుగలేదు. ధాన్యముగా కూలిపుచ్చుకొను పాలేరు కొంత తప్పించుకొనెను. నెలజీతముమీద బ్రతుకు గుమాస్తా, బడిపంతులు, రొక్కముకూలికి పోవు సాలెవాడు, గని పనివాడు చితికిపోయిరి.

ఆ సెప్టెంబరునందే మహాజ్వరము ప్రబలెను. దానిని ఇన్‌ఫ్లుయెంజా యనిరి. సైనికుల యోడలతో బొంబాయిరేవున దిగిన యీ జాడ్యము రైలుదారులవెంట దేశమెల్ల వ్యాపించెను. ఈ దేశమున దీనివలన గతించినవారు ఒక కోటి 20 లక్షలకు తక్కువకారని పండితుల యంచనా. ఇంకను ఎక్కువయని కొందఱు చెప్పుదురు. నాలుగేండ్ల యుద్ధమున మడిసిన భారతసైనికుల సంఖ్యకు ఇది నూట అఱువది రెట్లు. నేటి భారతదేశపు ఎల్లలలో 1911న 25 కోట్ల 20 లక్షలుగా నుండిన జనము 1921 నాటికి 25 కోట్ల 13 లక్షలకు తగ్గెను. మన జనాభాలెక్కల చరిత్రలో తగ్గుదల కనబడిన దశాబ్దము ఇది యొక్కటియే.

ఇందొక విషయము స్త్రీజనము ముఖ్యముగా గమనింపదగినది. ఈ జ్వరము ముసలివారికంటె ఇరువదికిని నలువదికిని నడుమనున్న వయస్సువారిని ఎక్కువగా కబళించెను. అందును పురుషులకంటె స్త్రీలను ఎక్కువగా. కారణమేమి? ఇంటిల్లిపాదికి రోగమువచ్చినప్పుడు ఉపచారము చేయవలసినది ఆమె. అందఱు తిన్నపిమ్మట మిగిలినది తినునది ఆమె. గర్భభారముతో నుండునది ఆమె. గాలివెలుతురులేని లోపలిగదిలో పడుకొనునది ఆమె. యుద్ధమును ప్రారంభించిన వారిలో ఒక్క స్త్రీయును లేదు. దాని వెనువెంట వచ్చిన మృత్యువునకు అందఱికంటె ముందు తలయొగ్గినది స్త్రీ.

ఇక క్రైస్తవ సమాజము. మన జిల్లాకు తూర్పుదెసను, నెల్లూరు ప్రాంతమునను హెర్మన్స్‌బర్గు మిషనువారు జర్మనులు. యుద్ధము రాగానే వారు శత్రుదేశీయులైరి. దొరలను అహమ్మదునగరు శిబిరమున నిర్బంధించి, కొందఱిని గోల్కొండ యను ఓడమీద స్వదేశమునకు పంపివేసిరి. వారిని నమ్ముకొన్న తెలుగు క్రైస్తవులు, బడిపిల్లలు, ఉపాధ్యాయులు ఒక్కనాటిలో పెద్దదిక్కులేనివారైరి. నిన్న జిల్లాదొరతో కూడ భోజనముచేసిన పాదిరి నేడు ఖైదీ. తెల్లవారందఱు ఒకటేయని తలచియుండిన పల్లెజనులకు ఇది క్రొత్త పాఠము.

మదనపల్లె, పుంగనూరులలో పనిచేయు ఆర్కాటు మిషనువారు అమెరికనులు. 1917 ఏప్రిలువఱకు వారిదేశము యుద్ధమున చేరనేలేదు. మదనపల్లె దగ్గఱ క్షయరోగులకొఱకు వైద్యశాల నెలకొల్పిన డాక్టరు ఫ్రీమాట్ మోలరు డేనిషు దేశస్థుడు. ఆ దేశము కడవఱకు తటస్థము. 1912లో ప్రారంభమైన ఆ వైద్యశాల 1915లో, ఐరోపాలో విషవాయువు తొలిసారి ప్రయోగింపబడిన యేటనే, ఊరివెలుపలి క్రొత్త కట్టడములలోనికి మారెను. ఆ చోటికి ఆరోగ్యవరమని పేరు. పలుదేశముల, పలుశాఖల మిషనులు చేతులు కలిపి దానిని పోషించినవి. ఒకచోట మనుష్యుని ఊపిరితిత్తులను కాల్చుటకు శాస్త్రము వినియోగపడుచుండగా, మఱియొకచోట అవే ఊపిరితిత్తులను నిలుపుటకు అదే శాస్త్రము వినియోగపడుచుండెను. శాస్త్రమును నిందించువారు ఈ రెంటిని ఒకచో నుంచి చూడవలెను.

మహమ్మదీయ సోదరుల వేదన వేఱు. 1914 నవంబరులో తురుష్కప్రభుత్వము జర్మనీపక్షమున చేరెను. తమ ఖలీఫాయైన సుల్తానుపై తమ రాజు యుద్ధముచేయుట, తమ కులస్థులైన సిపాయీలు మెసపొటేమియాలో తమ మతస్థులనే ఎదిరింపవలసివచ్చుట, ఇట్టి ధర్మసంకటము మఱియెవరికిని కలుగలేదు. తురుష్కుల స్వదేశమును వారికి లేకుండ చేయబోమని 1918 జనవరిలో ఆంగ్లమంత్రి లాయిడ్ జార్జి ప్రకటించెను. 1920 ఆగస్టునాటి సేవ్రు సంధి ఆ మాటను మట్టిపాలు చేసెను. దానినుండియే ఖిలాఫతు ఉద్యమము బలపడెను. గాంధీమహాత్ముడు దానితో చేయికలిపెను. మసీదులోను దేవాలయప్రాంగణమునను ఒకే సభ జరుగు దినములు వచ్చెను. తుదకు 1924లో తురుష్కులే ఖిలాఫతును రద్దుపఱచిరి. ఉద్యమము ఆధారము లేక కూలెను. ఆ మైత్రిని పరదేశపు సింహాసనముమీద గాక, ఇచ్చటి పొలముమీద, బావిమీద, బడిమీద కట్టియుండినచో అది మఱికొంతకాలము నిలిచియుండెడిదని నా యభిప్రాయము.

ఇక మదనపల్లె కళాశాలను తలపకున్న ఈ చరిత్ర పూర్తికాదు. దివ్యజ్ఞాన సమాజమువారి ఆ కళాశాల 1915లో వెలసెను. అచ్చటికి అధ్యాపకుడుగా వచ్చిన జేమ్సు కజిన్సు ఐర్లండువాడు, కవి. చెన్నపట్టణమున అనీబిసెంటమ్మగారి ‘న్యూ ఇండియా’ పత్రికలో పనిచేయుచు, 1916లో డబ్లినునగరమున జరిగిన తిరుగుబాటును మెచ్చుకొని వ్రాసినందున ఆ పత్రికను విడువవలసివచ్చెను. అట్లు యుద్ధమే ఆయనను మదనపల్లెకు పంపినది. ఆయన భార్య మార్గరెట్టు కజిన్సు సంగీతవిద్యలో పట్టభద్రురాలు. స్త్రీలకు వోటుహక్కు కావలెనని లండనునందును ఐర్లండునందును చెఱసాలకు పోయివచ్చినది.

ఆమె మదనపల్లెలో స్త్రీలను చేర్చి అబలాభివర్ధినీ సమాజమను పేరుతో ఒక సంఘమును నడపెను. అబలలని పేరుపెట్టుకొన్న స్త్రీలే ఆ పేరు అబద్ధమని నిరూపింప మొదలిడిరి. 1917లో అడయారున స్త్రీల భారతసంఘము ఏర్పడెను. ఆ యేడు డిశంబరు 18వ తేదీన సరోజినీదేవి నాయకత్వమున స్త్రీల ప్రతినిధివర్గము చెన్నపట్టణమున మాంటేగు మంత్రిని దర్శించి వోటుహక్కు కోరెను. ఆ కోరికను తయారుచేయుటలో మార్గరెట్టమ్మ హస్తము ముఖ్యమైనది. 1921లో చెన్నరాజధాని శాసనసభ బ్రిటిషు రాజధానులలో మొదటిసారిగా స్త్రీలకు వోటునిచ్చెను. ఆమె మఱిపదేండ్లకు మనదేశముకొఱకు కూడ వెల్లూరు చెఱసాలలో నుండెను.

1919 ఫిబ్రవరి తుదిని రవీంద్రనాథ ఠాగూరు మదనపల్లెకు విశ్రాంతికై వచ్చెను. అనీబిసెంటమ్మగారు స్థాపించిన జాతీయ విశ్వవిద్యాలయమునకు ఆయన అధ్యక్షుడు. యుద్ధకాలమున జపానునందును అమెరికానందును తిరిగి, జాతీయాహంకారమే ఈ మారణహోమమునకు మూలమని ఉపన్యసించి, ఉభయపక్షములచేతను నిందలుపడినవాడాయన. కళాశాలలో ఒక రాత్రి ఆయన తన ‘జనగణమన’ గీతమును పాడి వినిపించెను. మార్గరెట్టమ్మ దాని వరుసను స్వరపఱచెను. ఫిబ్రవరి 28వ తేదీన ఆయన స్వహస్తముతో దానిని ఇంగ్లీషునకు మార్చి ఇచ్చెను. ఆయన వెడలిపోయిన నెలన్నరకే జలియనువాలాబాగు వధ. మే నెల తుదిని తన ‘సర్’ బిరుదమును ఆయన త్యజించెను. 1950 జనవరి 24వ తేదీన ఆ గీతము జాతీయగీతమయ్యెను.

మదనపల్లెవారు ఈ ఘట్టమును గర్వముతో చెప్పుకొందురు, చెప్పుకొనదగినదే. కాని నేను గమనించిన దొకటి గలదు. ఆ గీతముయొక్క రెండవచరణమున హిందువులు, బౌద్ధులు, సిక్కులు, జైనులు, పారశీకులు, మహమ్మదీయులు, క్రైస్తవులు పేరుపేరున పిలువబడిరి. మనము జాతీయగీతముగా గైకొన్నది మొదటిచరణమును మాత్రమే. అందు సీమల పేరులు గలవు, పర్వతముల పేరులు గలవు, నదుల పేరులు గలవు. మనుష్యుల పేరులు లేవు. మన యుద్ధచరిత్రయు అట్లే వ్రాయబడినది. దేశముల పేరులు, సంధుల పేరులు గలవు. తంగేడుపట్ట ఒలిచినవాడును, వంతెన కట్టినవాడును, జ్వరమున పోయిన ఇల్లాలును అందు లేరు.

యుద్ధానంతరము కలిగిన ఫలములనుకూడ లెక్కింపుడు. 1919వ సంవత్సరపు శాసనమువలన రాజధానిలో మంత్రులు వచ్చిరి. బ్రాహ్మణేతర హిందువులకు 28 స్థానములు ప్రత్యేకింపబడెను. మహమ్మదీయులకును దేశీయక్రైస్తవులకును వేఱు నియోజకవర్గములు లభించెను. 1917లో బెజవాడసభయందు భాగ్యరెడ్డివర్మగారి అధ్యక్షతన తమను ఆదిఆంధ్రులని చాటుకొన్నవారికిని, వారి సోదర కులములకును ఎన్నికల స్థానమొక్కటియైన లేదు. ప్రభుత్వమువారు పేర్కొని కూర్చుండబెట్టిన కొద్దిమందియే దిక్కు. వోటునకు ఆస్తి, పన్ను కావలసియుండుటచే భూమిలేని కూలికిని, తనపేర ఆస్తిలేని ఇల్లాలికిని క్రొత్తహక్కు అక్షరములలోనే మిగిలెను. ఎవరు ఎక్కువ వ్యయమును భరించిరో వారికే అన్నిటికంటె తక్కువ ఫలము దక్కెను. ఆ లోటు తీరుటకు 1950లో అమలైన రాజ్యాంగమువఱకు మఱి ముప్పదియేండ్లు పట్టినది.

‘యుద్ధమువలననే కదా స్వరాజ్యోద్యమము బలపడినది, స్త్రీలకు వోటు వచ్చినది, కావున అది మేలే చేసెను’ అని కొందఱు వాదింతురు. ఇది సరికాదు. వరదవచ్చి ఊరుమునిగినప్పుడు ఇరుగుపొరుగువారు ఒకే మిద్దెమీద చేరి మైత్రిచేసికొన్నచో ఆ మేలు వరదది కాదు, వారిది. మదనపల్లెలో ఐరిషువారు, బంగాళకవి, తెలుగుబాలురు ఒకచో కూడుటయు, ఆరోగ్యవరమున డేనిషు వైద్యుడు మన రోగులకు సేవచేయుటయు యుద్ధముయొక్క గొప్పతనము కాదు. యుద్ధము చుట్టుముట్టినను మానని మానవధర్మముయొక్క గొప్పతనము.

చదువరులారా! ఆ కాలమును కన్నులార చూచినవారు నేడు లేరు. కాని వారిమాటలు విన్న ముదుసలులు కొందఱిండ్ల నున్నారు. పెట్టె యడుగున ఒక పతకమో, ఒక పింఛనుకాగితమో, మాసిన ఛాయాపటమో ఉండవచ్చును. జ్వరమున పోయిన ముత్తవ్వ పేరు ఎవరికైన జ్ఞాపకముండవచ్చును. ఈ యాదివారము భోజనానంతరము పిల్లలను కూర్చుండబెట్టి, పెద్దలనడిగి, విన్నది విన్నట్లు ఒక పుస్తకములో వ్రాయించుడు. పాలేరియింటను, సాలెవానియింటను, పొరుగు మహమ్మదీయునియింటను కూడ అడిగి వ్రాయించుడు. రెండు తేదీలకు నడుమ వ్రాయకవిడిచిన చరిత్ర ఆ యిండ్లలోనే యున్నది.